పది నిమిషాల కూర

మా అక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. వాడికి వంట వచ్చు. ఈ రెండో వాక్యం రాయగలిగే రోజు రావడానికి మా తరం ఆడవాళ్ళం ఇళ్ళల్లో ఎంత కొట్లాడామో ఇక్కడ మళ్ళీ చెప్పనక్కర్లేదు. వాడంటే నాకు ఇష్టమనీ, వాడు స్టవ్ ముందు నిలబడితే నాకు చూడముచ్చటగా ఉంటుందనీ ముందే ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు రాయబోయేది వాడిమీద ఫిర్యాదు కాదు. అయితే గియితే నామీద.

ఒక ఆదివారం పొద్దున హాలియా వచ్చాడు. బస్సు దిగి, సెంటర్లో థర్మాకోల్ పెట్టెల్లో ఐసు పోసుకుని అమ్మే అతని దగ్గర కిలో రొయ్యలు కొనుక్కుని మరీ వచ్చాడు. "చిన్నమ్మా, ఇయ్యాల వంట నాది. ఎల్లిగడ్డ, నిమ్మకాయ, అంతే. పది నిమిషాల్ల అయిపోతది, సూడు" అన్నాడు. కవరు వంటింటి గట్టుమీద పెట్టి, "కొంచెం సాఫు చేసిస్తే సాలు" అని స్నానానికి పోయాడు. నా ముందు దిద్దాల్సిన జవాబు పత్రాల కట్ట ఉంది. నేను లేవబోతుంటే అమ్మ "నువ్వు నీ పని చూసుకో బిడ్డా, ఇటియ్యి" అని కవరు తీసుకుని పెరట్లోకి పోయింది. అమ్మకి డెబ్భై అయిదు దాటాయి.

పెరట్లో పీట, రెండు గిన్నెలు, ఒక చెంబు నీళ్ళు. తల తుంచడం, కాళ్ళు లాగడం, పొట్టు వొలవడం, వీపుమీద చాకుమొనతో గీసి ఆ నల్లనరం తీయడం, ఉప్పూ పసుపూ వేసి రెండుసార్లు కడగడం. ఇవన్నీ చదవడానికి ఒక వాక్యం. అమ్మ కూర్చున్నప్పుడు గడియారం పదీ నలభై. లేచేసరికి పావు తక్కువ పన్నెండు. నేను చూడాలని చూడలేదు, గడియారం నా ఎదురుగా గోడమీద ఉంది.

పిల్లవాడు నిజంగానే బాగా చేశాడు. మూకుడు బాగా కాగాక నూనె పోశాడు, ఎల్లిగడ్డ (అది నేను వొలిచాను, దానికో పది నిమిషాలు) దంచి వేసి, అది మాడి చేదెక్కకముందే పచ్చిమిరపకాయలూ రొయ్యలూ వేశాడు. మంట తగ్గించలేదు. తగ్గిస్తే నీళ్ళూరి ఉడుకుతాయి తప్ప వేగవు. ఒకవైపు రెండు నిమిషాలు, ఇంకోవైపు రెండు నిమిషాలు. అవి గులాబీరంగుకి తిరిగి, ముడుచుకోవడం మొదలుపెట్టగానే దించేశాడు. ఇంకాసేపు ఉంచితే రబ్బరే. దించాక నిమ్మకాయ పిండాడు, కొత్తిమీర చల్లాడు. సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నాడట, మాకు చూపించాడు. తొమ్మిది నిమిషాల చిల్లర. అందరం మెచ్చుకున్నాం. అమ్మ కూడా. "నా మనవడు పది నిమిషాల్ల చేసిండు" అని ఆ సాయంత్రం పక్కింటివాళ్ళకి ఆమే చెప్పింది.

అన్నం తినేటప్పుడు జరిగింది ఇది. అమ్మ మొదటి ముద్ద కలుపుతూ చెయ్యి వెనక్కి లాక్కుంది. రొయ్య తలమీద రంపంలాంటి ముల్లు ఉంటుంది. బొటనవేలూ చూపుడువేలూ దానికి గీసుకుపోయి ఉన్నాయి. నిమ్మరసం తగిలింది. ఏమీ అనలేదు. కాసేపాగి "ఒక చెంచా ఇయ్యరాదు" అంది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ చెంచాతో అన్నం తినడం నేను ఆసుపత్రిలో తప్ప చూడలేదు. చెంచా తెచ్చిచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకు తెలుసు కాబట్టి నేనూ అడగలేదు, చెప్పనూ లేదు.

ఆ రాత్రి నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న చాలా చిన్నది. వంట ఎప్పుడు మొదలవుతుంది?

మన పత్రికల్లో వంటల పేజీలు తీసి చూడండి. "కావలసినవి" అని ఒక పట్టిక ఉంటుంది. శుభ్రం చేసిన రొయ్యలు అరకిలో. తరిగిన ఉల్లిపాయలు ఒక కప్పు. తురిమిన కొబ్బరి అరచిప్ప. నానబెట్టిన చింతపండు. వొలిచిన వెల్లుల్లి. ఇరవై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, ఈ మాటల్లో ఉన్న వ్యాకరణం నాకు ఇన్నాళ్ళూ కనిపించలేదు. చేసిన, తరిగిన, తురిమిన, వొలిచిన. తరగతిలో వీటిని క్రియాజన్య విశేషణాలని చెబుతాం. క్రియ ఉంటుంది, కర్త ఉండదు. పని ఒక గుణంగా మారిపోయి వస్తువుకి అంటుకుపోతుంది, ఎర్రని టమాటా, పచ్చని మిరప అన్నట్టు. శుభ్రం చేసిన రొయ్య అనేది సముద్రంలోనో చెరువులోనో అలాగే పుట్టిన ఒక జాతి అన్నట్టు. ఆ పట్టిక అయిపోయాక "తయారుచేసే విధానం" వస్తుంది. గడియారం అక్కడ మొదలవుతుంది. అంటే పది నిమిషాల లెక్క అబద్ధం కాదు. ఆ లెక్క ఇంకొకరి గడియారం ఆగిన చోట మొదలుపెట్టింది, అంతే.

మా అమ్మ ఒక గంటా అయిదు నిమిషాలు "శుభ్రం చేసిన" అనే మాటలో ఉంది.

స్త్రీవాదులం ఇంటి చాకిరీ గురించి కొత్తగా మాట్లాడుతున్నామా ఏమన్నానా? 1972లో ఇంటిపనికి జీతం కావాలని ఇటలీలో, ఇంగ్లండులో ఆడవాళ్ళు ఉద్యమం మొదలుపెట్టారు. మన దగ్గర విమల 'వంటిల్లు' కవిత వచ్చాక ఆ గది ఇదివరకటిలాగా కనబడటం మానేసింది. లెక్కలకీ కొదవలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లోవాళ్ళ కోసం జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. 2019 సర్వేలో అవి 299, 97. అయిదేళ్ళలో ఇద్దరికీ తొమ్మిది పది నిమిషాలు తగ్గాయి. (ఆ పది నిమిషాల్లో ఒక రొయ్యల కూర చేసుకోవచ్చని మా వాడు అంటాడేమో.) ఈ సంఖ్యలు అవసరమే, నేను తరగతిలో వాటిని చెబుతాను కూడా. కానీ ఆ ఆదివారం మా ఇంట్లో జరిగింది ఆ సర్వేలో ఎలా పడుతుంది? మనవడి పేరిట పది నిమిషాలు, అమ్మమ్మ పేరిట అరవై అయిదు. సర్వే ఇద్దరినీ లెక్కపెడుతుంది. కానీ పక్కింటికి పోయిన వార్తలో కూర వాడిది. ఆ వార్త మోసుకుపోయింది కూడా అమ్మే.

శ్రమ కనిపించకపోవడం ఒకటి. చేసినవాళ్ళే దాన్ని శ్రమగా లెక్కవేసుకోకపోవడం ఇంకొకటి. మరీయా మీస్ అనే జర్మన్ స్త్రీవాది నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. విదేశాలకి ఎగుమతయ్యే ఆ లేసుని అల్లేవాళ్ళు కార్మికులు కారు, ఇళ్ళల్లో ఖాళీగా ఉన్నప్పుడు కాలక్షేపానికి అల్లుకునే గృహిణులు అని వ్యాపారులూ, ఇంట్లో మగవాళ్ళూ, చివరికి ఆ ఆడవాళ్ళూ నమ్మడం వల్లే అంత తక్కువ కూలికి అంత పని సాధ్యమైందని ఆమె చూపించింది. "ఖాళీగా ఉన్నప్పుడు" అనే మాట ఎంత ఖరీదైనదో ఆ పుస్తకం చదివాకగానీ నాకు తెలియలేదు. మా అమ్మ కూడా అంతే. "ఖాళీగనే ఉన్న కదా" అంటుంది. ఆమె ఎప్పుడు ఖాళీగా ఉందో నాకు గుర్తులేదు.

ఇక్కడ హాలియాలో రొయ్య కథ కొంచెం చెప్పాలి. మాది సముద్రం ఊరు కాదు. సాగర్ ఎడమకాలువ ఆయకట్టు మాది. 1955 డిసెంబర్ 10న ఆనకట్టకి పునాదిరాయి పడితే, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్ళు వదిలారు. అంతకుముందు మా అమ్మ ఎరిగిన రొయ్య ఎండురొయ్య మాత్రమే, అంగట్లో గంపలో పోసి డబ్బాతో కొలిచి అమ్మేది. దాన్ని కూడా బాగుచేయాలి, తలా తోకా గిల్లి, ఇసుక చెరిగి, వేయించాలి. వేయిస్తే వాసన వీధంతా పోతుంది. ఆ వాసన పడని ఇళ్ళు ఏవో, ఆ ఇళ్ళ అరుగుల మీద ఎవరికి చోటుండేదో, ఎవరికి ఉండేది కాదో అమ్మ కులం పేర్లు ఎత్తకుండా చెబుతుంది, వినేవాళ్ళకి అర్థమవుతుంది. కాలువ వచ్చాక వరి వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్ళు వచ్చారు, వాళ్ళతోపాటు పచ్చిరొయ్య తినే అలవాటూ వచ్చింది. ఇప్పుడు ఐసు పెట్టెలు కోస్తా నుంచి కోదాడ దాకా హైవే మీద వచ్చి, అక్కణ్ణించి మిర్యాలగూడ మీదుగా మా సెంటర్‌కి చేరతాయని అమ్మేవాళ్ళు చెబుతారు. నిమ్మకాయ మాత్రం మాదే. నకిరేకల్ వైపు నిమ్మతోటలకి లోటులేదు.

కాబట్టి మా గిన్నెలో నిమ్మరసం మా జిల్లాది, రొయ్య వేరే జిల్లాది, పొట్టు వొలిచిన వేళ్ళు మా అమ్మవి. తినేటప్పుడు ఈ మూడూ ఒకచోట కలిశాయి. మండింది ఒకరికే.

తరవాతి వారం నుంచి నేను ఒక పరిష్కారం కనిపెట్టాను. సెంటర్లో ఆ ఐసు పెట్టెల పక్కనే ఒక ఆమె కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. చేపలు కోసిస్తుంది, రొయ్యలు వొలిచిస్తుంది. కిలోకి నలభై రూపాయలు. మొదటిసారి అడిగాను, "ఎంతసేపైతది?" అని. తల ఎత్తకుండానే "అయ్యేంతసేపైతది మేడం. పోయి పనేమన్న ఉంటే చూసుకొని రా" అంది. పోయి చూసుకుని వచ్చాను. ఈ వ్యాసానికి మొదటి కాగితం ఆ గంటలో, ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని రాశాను. నిజం చెబుతున్నాను. ఇంటి చాకిరీ కనిపించకుండా పోవడం గురించి నేను రాసుకుంటున్న గంట, ఇంకో ఆడమనిషి నుంచి నలభై రూపాయలకి కొనుక్కున్న గంట. తలెత్తితే ఆమె కనిపిస్తోంది. కనిపించకపోవడమేమీ లేదు. చూస్తూనే రాశాను.

ఇది మా స్నేహితురాలితో అంటే ఆమె కోప్పడింది. మహిళా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. "పాపభీతి పెంచుకుంటున్నావు. మీ అమ్మ ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు ఒక ధర వచ్చింది. ఆ డబ్బు ఒక ఆడమనిషి చేతికి పోతోంది. నువ్వు కొనకపోతే ఆమెకి ఏమొస్తుంది? నీకు ఏమొస్తుంది, మళ్ళీ పీటే కదా" అంది. ఆమె మాటలో నూటికి ఎనభై పాళ్ళు నిజం ఉంది. మిగతా ఇరవై గురించే నా బాధ.

మొదట ఆ ఎనభై. త్వరగా అయిపోయే వంటని నేను తప్పు పట్టను. నిదానంగా వండటం గొప్ప, రోట్లో నూరితేనే రుచి, అమ్మచేతి వంటకి సాటిలేదు అంటూ రాసే వ్యాసాలు ఎక్కువగా రాసేది రోలు ముందు కూర్చోనివాళ్ళు. ఆ పొగడ్త ఒక పీట, దానిమీద ఒకసారి కూర్చోబెడితే లేవనివ్వరు. త్వరగా అయిపోవాలని కోరుకునే హక్కు ఆడవాళ్ళకి ఎవరూ దానం చెయ్యలేదు. మా అమ్మ కట్టెలపొయ్యి నుంచి గ్యాసుకి మారినప్పుడు ఏడ్చినంత పని చేసింది, సంతోషంతో. ఆ రోజు తగ్గిన కాలం నిజంగానే తగ్గింది. ఊదుగొట్టం పట్టుకుని పొగలో కూర్చున్న గంట ఇంకెవరి ఒళ్ళోకీ పోలేదు, మాయమైంది. (ఇంటి యంత్రాల వల్ల ఆడవాళ్ళ పని అనుకున్నంతగా తగ్గలేదని రూత్ శ్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో వచ్చిన పుస్తకంలో వాదించింది. బట్టలు ఉతకడం తేలికైతే రోజూ ఉతికిన బట్టలే కావాలంటారు. అదీ నిజమే. అయినా మా అమ్మని మళ్ళీ కట్టెలపొయ్యి దగ్గరికి పొమ్మనే ధైర్యం నాకు లేదు.)

రొయ్య విషయంలో కాలం అలా మాయం కాదు. ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుగుతుంది. పొట్టు వొలిచే యంత్రం లేదా అంటే, ఉంది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో 1940లలోనే కనిపెట్టారు. కానీ యంత్రం కంటే ఆడవాళ్ళ వేళ్ళు చవగ్గా దొరికిన చోట దాన్ని ఎవరు కొంటారు? 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆంధ్ర తీరంలో రొయ్యలు వొలిచే షెడ్ల గురించి ఒక పెద్ద కథనం రాసింది. ఐసులో ఉంచిన రొయ్యల్ని గంటల తరబడి వొలిచి చేతులు పాడైన ఆడవాళ్ళు అందులో ఉన్నారు. ఆ రొయ్యలు అమెరికాలో సూపర్‌మార్కెట్లకి పోతాయి. అక్కడ వంటింట్లో ఎవరో, బహుశా మనలాంటి ఉద్యోగం చేసే ఒక స్త్రీ, రాత్రి అలిసిపోయి వచ్చి సంచి కత్తిరించి, వెల్లుల్లీ నిమ్మకాయా వేసి పది నిమిషాల్లో వండుకుంటుంది. ఆమెనీ నేను తప్పు పట్టలేను. ఆమె గడియారం మోసం చెయ్యడం లేదు. సంచి మీద "శుభ్రం చేసిన" అని రాసి ఉంటుంది.

లేసు అల్లిన నర్సాపురం తీరంలోనే ఇప్పుడు రొయ్యల చెరువులు. టైగర్ రొయ్య ఊపు మీద ఉన్న తొంభైల మొదట్లో తవ్విన చెరువులవల్ల తాగే నీళ్ళు ఉప్పుబారాయని, పంటపొలాలు పాడయ్యాయని కేసు నడిచింది. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు నిషేధిత పట్టీలో ఉన్న చెరువుల్ని తీసేయమని తీర్పు చెప్పింది. 1995కల్లా తెల్లమచ్చల రోగం రొయ్యని కూడా దెబ్బకొట్టింది. 2009 తరవాత వనామి రొయ్య వచ్చి చెరువులు మళ్ళీ నిండాయి. బావి ఉప్పగైతే బిందె పట్టుకుని ఇంకాస్త దూరం నడిచేది ఎవరో మన నల్లగొండ ఆడవాళ్ళకి చెప్పాలా? ఫ్లోరైడు లేని నీళ్ళకోసం మా తల్లులు నడిచిన దూరాలు ఏ సర్వేలో ఉన్నాయి? ఆ నడకని కూడా పది నిమిషాల కూరలో కలిపితే ఎన్ని నిమిషాలవుతుందో నాకు లెక్క తెగదు. పోనీ, అంత దూరం పోను. సెంటర్లో కూర్చున్న ఆమె దగ్గరికే మళ్ళీ వస్తాను.

మూడో నాలుగో వారం ఒక విషయం గమనించాను. రొయ్యల వ్యాపారంలో కౌంట్ అంటారు. కిలోకి ఎన్ని తూగుతాయో ఆ సంఖ్య. ముప్పై కౌంట్ అంటే పెద్దవి, కిలోకి ముప్పై. వంద కౌంట్ అంటే చిన్నవి. కౌంట్ పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది. చెరువు దగ్గర రైతుకీ, దళారికీ, మా ఐసుపెట్టెల అతనికీ అందరికీ కౌంట్‌ని బట్టే ధర. నేను మాస్టారమ్మ జీతంలో పుట్టిన పొదుపుతో ఎప్పుడూ చిన్నవే కొంటాను, కిలోకి నూరు రూపాయల పైన మిగులుతాయి. కానీ వొలిచే ఆమె రేటు మాత్రం కిలోకే. ముప్పై రొయ్యలైనా నలభై రూపాయలే, వంద రొయ్యలైనా నలభై రూపాయలే. వంద తలలు తుంచాలి, వంద నరాలు తీయాలి. నాకు మిగిలిన నూరు రూపాయలు ఎక్కణ్ణించి వచ్చాయో అప్పుడు అర్థమైంది. కొంత చెరువు నుంచి వచ్చాయి, కొంత ఆమె వేళ్ళనుంచి.

మా స్నేహితురాలు చెప్పని ఇరవై పాళ్ళు ఇది. పనికి ధర రావడం నిజమే. ఆ ధరని ఎవరు ఏ కొలతతో కట్టారన్నది ఇంకా తేలలేదు. కొనేవాడి లెక్క కిలోల్లో, అమ్మేవాడి లెక్క కౌంట్‌లో, చేసేదాని లెక్క వేళ్ళలో. మూడో కొలతకి సెంటర్లో తూకంరాయి లేదు.

ఆమెతో అన్నాను, "చిన్నవాటికి ఎక్కువ తీసుకోరాదా?" అని. నవ్వింది. "నువ్విస్తవు మేడం. రేపు ఇంకొగలొచ్చి గిదేం రేటంటరు. ఆ మూలకు ఇంకో పిల్ల గూసోనే ఉన్నది" అంది. నేను అరవై ఇచ్చాను. తీసుకుంది. వెనక్కి తిరగ్గానే ఐసుపెట్టెల అతను "మేడం, మీరిట్ల జేస్తే ఈమె అందర్నీ అడుగుతది" అన్నాడు, నవ్వుతూనే. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉండాలి. "అడగనియ్యి" అని ఉండాల్సింది. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఇరవై రూపాయలు ఇచ్చి కొనుక్కున్న మనశ్శాంతి చెప్పుల దుకాణం దాకా కూడా రాలేదు. దయ చూపించడం తేలిక, అది మనకీ మనకీ మధ్య జరిగే పని. రేటు మార్చడం అలా కాదు. ఆమె పక్కన ఆ మూల కూర్చున్న పిల్లని కూడా కలుపుకోవాలి, ఐసుపెట్టెల అతనితో తగవు పడాలి, వాళ్ళిద్దరి చేపల గంపలతో పడుతున్న వాళ్ళ వాళ్ళ బతుకుల్లోకి పోవాలి. నేను అక్కడ అరగంట మాత్రమే ఉండే మనిషిని. ఆ అరగంట కూడా రాసుకోవడానికి.

అయితే మానేద్దామా? మానేస్తే వొలిచేది అమ్మ. లేదా నేను. నేను వొలిస్తే ఈ కాగితం ఉండదు. ఇది నాకు చిన్న విషయం కాదు. మన ముందుతరం ఆడవాళ్ళలో ఎంతమంది రాయాల్సినవి పెరటి పీటల మీద అయిపోయాయో మనకి తెలుసు. మా అమ్మకి మా ఊరిమీద ఎన్ని కథలు తెలుసో, అవి రాయడానికి ఆమెకి గంట ఎవరిచ్చారు? నా గంటకి ఒక విలువ ఉందని నమ్మితేనే నేను రచయితని. ఆమె గంటకి అంతే విలువ ఉందని నమ్మితేనే నేను స్త్రీవాదిని. ఈ రెండూ కలిపి నమ్మి, చిన్న రొయ్యలు కిలో కొని నలభై రూపాయలిచ్చి స్టూలు మీద కూర్చుంటే నేను ఎవరిని? ఈ ప్రశ్నకి సిద్ధాంతంలో జవాబులున్నాయి. వ్యవస్థ మారాలి అంటాం. నిజమే, మారాలి. అది మారేదాకా ప్రతి ఆదివారం నేను చెప్పుల దుకాణం ముందు కూర్చోవాలి.

ఒక్కటి మాత్రం నా మాటలో మార్చుకున్నాను. "పది నిమిషాల కూర" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవడం మానేశాను. కర్తని మళ్ళీ వాక్యంలోకి తెచ్చుకుంటున్నాను. మొన్న మా అక్క కొడుకు వాళ్ళ స్నేహితులకి ఆ కూర ఎలా చేయాలో ఫోన్లో రాసి పంపుతూ నాకు కూడా పంపాడు. "శుభ్రం చేసిన రొయ్యలు కిలో" అని ఉంది. "ఎవరు శుభ్రం చేసిన?" అని తిరిగి రాశాను. కాసేపటికి "అర్థమైంది చిన్నమ్మా" అని వచ్చింది. దాని కింద నవ్వు బొమ్మ. నిజంగా అర్థమైందో లేదో దసరాకి తెలిసింది.

దసరాకి వచ్చినప్పుడు వాడే కవరు పట్టుకుని పెరట్లోకి పోయాడు. అమ్మ ఎదురుగా ఇంకో పీట వేసుకున్నాడు. నేనూ కూర్చున్నాను. ముగ్గురం, కిలో రొయ్యలు, చిన్నవే. పావుగంటలో వాడు పదహారు వొలిచాడు. అందులో నాలుగు నరంతోపాటు సగానికి చీలిపోయాయి. "అట్ల గాదురా, బొటనవేలు లోపటికి వెట్టి ఒక్కతాప గుంజాలె" అని అమ్మ వాడి చెయ్యి పట్టుకుని చూపించింది. ముల్లు గుచ్చుకుంటే "అబ్బా" అన్నాడు. అమ్మ నవ్వింది. అంతమాత్రాన మా ఇంట్లో ఏదో విప్లవం వచ్చిందని నేననను, మర్నాడు పొద్దున టీ గ్లాసులు కడిగింది మళ్ళీ అమ్మే. కానీ ఆ పెరట్లో ఆమె మాట్లాడింది. ఎండురొయ్యల గంప గురించి, ఆ అరుగుల గురించి, కాలువకి మొదటిసారి నీళ్ళొచ్చినప్పుడు ఆడవాళ్ళంతా పసుపు కుంకుమ తీసుకుని గట్టుమీదకి పోయిన సంగతి. చేతులు తడిగా ఉండి నేను ఏదీ రాసుకోలేకపోయాను.

ముగ్గురం కలిస్తే నలభై నిమిషాలు పట్టింది. లోపలికి పోయి వాడు మూకుడు పెట్టాడు, ఎల్లిగడ్డ వేశాడు, రొయ్యలు తిప్పి దించాడు. నిమ్మకాయ కోసి చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో చీరకొంగుతో వేళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డ అమ్మ అంది:

"బిడ్డా, నిమ్మకాయ పిండకముందే నాయి ఓ నాలుగు పక్కకు తీయి."